ట్రాక్టరు బకెట్టుకు వేలాడిన మావయ్య

మావయ్య తను బిగించిన ప్రతిదానికీ వేలాడేవాడు. ఇది మాటవరసకు అనడం కాదు. గోడకు అలమర బిగిస్తే అలమరకు, వీధి గుమ్మానికి తలుపు బిగిస్తే తలుపుకు, పైకప్పుకు ఫ్యాను కొక్కెం బిగిస్తే ఆ కొక్కేనికి. రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడిచి, బరువంతా వదిలేసేవాడు. పైగా వేలాడుతున్నంతసేపూ ఇంతకన్నా మామూలు పని లోకంలో లేదన్నట్టు కబుర్లు చెప్పేవాడు. వీధి వీధంతా ఆయన్ని వేలాడే మావయ్య అని, ఆయన భార్యను అత్తయ్య అని పిలిచేది.

అది చూసినప్పుడల్లా అత్తయ్యకు గుండె గుభేలుమనేది. గుండె గుభేలుమంటే చేతిలో ఉన్నది జారవిడవడం ఆవిడ అలవాటు. అందుకే ఆ ఇంట్లో సొట్టపడని స్టీలు గ్లాసంటూ ఒక్కటీ మిగల్లేదు. చుట్టాలొస్తే మావయ్య కాఫీతోపాటు గ్లాసుల చరిత్ర కూడా అందించేవాడు.

"మీ చేతిలోది ఫ్యాను కొక్కెం. అన్నయ్యగారిది వీధి తలుపు. ఈ పెద్ద సొట్ట ఉంది చూశారూ, ఇది మా అత్తగారి స్నానాలగది."

ఆ స్నానాలగది సంగతి ఇదీ. అత్తయ్య తల్లి ఒకసారి అందులో జారిపడబోయి గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. మావయ్య మర్నాడే గోడకు ఇనుప కడ్డీ బిగించాడు. పెద్దావిడ దాన్ని ముట్టుకోనంటే ముట్టుకోనంది. "నేనేమన్నా ముసలిదాన్నా?" అని గోడను తడుముకుంటూనే తిరిగింది. మావయ్య ఆవిణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టి, కడ్డీకి వేలాడాడు.

"కాఫీ తాగారా, అత్తగారూ?"

"దిగండి అల్లుడుగారూ! ఎవరైనా చూస్తే నవ్విపోతారు," అంటూ ఆవిడే కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. వెనకనుంచి వచ్చిన అత్తయ్య గ్లాసు వదిలేసింది. మర్నాటినుంచి పెద్దావిడ ఆ కడ్డీ పట్టుకునే నడిచింది. గ్లాసు గొడవలో పడి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మేడమీద వసారా రెయిలింగుది ఇంకో కథ. అత్తయ్య బట్టలు ఆరేస్తుంటే పాత రెయిలింగు ఊడి చేతికొచ్చింది. పడలేదు గానీ పడినంత పనయింది. మావయ్య కొత్తది తెచ్చి బోల్టులు వేసి బిగించాడు. అత్తయ్య మాత్రం ఆ తర్వాత బట్టలన్నీ పెరట్లోనే ఆరేసింది.

"పైన ఎండ మరీ ఎక్కువండీ, రంగు వెలిసిపోతాయి," అనేది.

మావయ్య రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వసారాలోకి వెళ్ళి, రెయిలింగుకు వీపు ఆనించి, ఒక చెయ్యి దానికి మెలేసి, రెండు కాళ్ళూ నేలమీంచి లేపి తాపీగా కాఫీ తాగేవాడు. అత్తయ్య గడప ఇవతలే నిలబడి తిట్టేది. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

అలాంటి మావయ్యకు ఒకరోజు మొక్కల నర్సరీ మేడమ్ దగ్గర్నుంచి, బిగింపు పనుందని ఫోనొచ్చింది. ఆవిడ దగ్గర చిన్న ట్రాక్టరు ఉంది. దానికి ముందువైపు మట్టి ఎత్తే ఇనుప బకెట్టు ఉంది. ఆ బకెట్టు అంచుకు రెండు కొక్కేలు బిగిస్తే, గొలుసు తగిలించి పెద్ద పెద్ద పూలకుండీలు ఎత్తుకోవచ్చని ఆవిడ ఆలోచన. అత్తయ్య కూడా బయల్దేరింది. మల్లెమొక్క కొనాలని పైకి చెప్పింది గానీ, ఈయన ట్రాక్టరుకు ఎక్కడ వేలాడతాడోనన్న బెంగ అసలు సంగతి. చేతిలో భోజనం క్యారియరు పట్టుకుంది.

నర్సరీలో తోటమాలి గంపంత కుండీని పొట్టకు అదుముకుని మోస్తున్నాడు. నడుం నిటారుగా లేదు.

"నడుం ఇంకోసారి పట్టేస్తే ఇక మంచమేనన్నారు డాక్టరు," అంది మేడమ్. "చెబితే వినడు."

"చేతులుండగా ఇనుమెందుకు మేడమ్!" అన్నాడు తోటమాలి, కుండీ దించి రొప్పుతూ.

అతను అటు వెళ్ళాక మేడమ్ గొంతు తగ్గించింది. "ఇదివరకు ఈ ట్రాక్టరు నడిపేది అతనే, మావయ్యగారూ. మొన్నామధ్య బకెట్టుకు తాడు కట్టి కుండీ లేపితే, తాడు జారి అది సరిగ్గా అతని పాదం పక్కనే బద్దలైంది. అప్పట్నుంచి ట్రాక్టరు చాయలకు రాడు. అడిగితే చేతులున్నాయిగా అంటాడు."

మావయ్య తలూపి పనిలోకి దిగాడు. బకెట్టు నేలకు దించి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అంచుకు రెండు వైపులా సమానంగా కొలిచి సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. నూనె చుక్కలు వేస్తూ ముందు సన్న కన్నం, ఆ తర్వాత పెద్ద కన్నం వేశాడు. రేకు చిరగకుండా లోపలివైపు మందపాటి ఇనుప పలక ఆనించి, బోల్టులు దూర్చి, పొడవాటి స్పానరుతో కిర్రుమనేలా బిగించాడు. చివర్న ప్రతి నట్టు మీదుగా బోల్టు మీదికి తెల్లరంగు గీత గీశాడు.

"ఈ గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు కదిలినట్టు లెక్క," అన్నాడు గాలితో చెబుతున్నట్టు. "పొద్దున్నే ఒక్క చూపు చాలు." మొక్కలకు నీళ్ళు పెడుతున్న తోటమాలి చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

మావయ్య చొక్కా చేతులు పైకి మడిచాడు. అత్తయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"వద్దండీ!"

"మావయ్యగారూ, కుండీ మీకు రెట్టింపు బరువుంటుంది," అంది మేడమ్. "మీరు వేలాడితే తేలేదేముంది?"

"నాకు తేలేదేమీ లేదమ్మా. నేను లెక్క చూసుకునే బిగించాను." అని, తాళంచెవి తీసి తోటమాలికి విసిరాడు. "తమ్ముడూ, ఎక్కు. నన్ను లేపు."

తోటమాలి తాళంచెవి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "నావల్ల కాదన్నా. పడితే?"

"పడితే నేను పడతాను. నీ పాదాలు అక్కడ సీటు దగ్గర ఉంటాయి కదా."

తోటమాలి ఒక్కసారి తన పాదాలకేసి చూసుకున్నాడు. ఏమనుకున్నాడో, ఎక్కాడు. ఇంజను దగ్గింది. మావయ్య రెండు కొక్కేలూ పట్టుకున్నాడు. బకెట్టు ఒక్క కుదుపుతో లేచింది, మావయ్య కాళ్ళు గాల్లో ఊగాయి, అత్తయ్య క్యారియరు దభీమని కిందపడింది. మూతలు తలోదిక్కుకూ దొర్లాయి.

"ఏమోయ్, అది క్యారియరేనా?" పైనుంచి పలకరింపు. "పెరుగు గిన్నె బతికిందా?"

"దింపవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!" అత్తయ్య గావుకేక పెట్టింది.

"దింపకు తమ్ముడూ, ఇంకాస్త లేపు. మీ షెడ్డు మీద ఎవరిదో చెప్పు కనిపిస్తోంది. రెండోది ఎక్కడుందో!"

"అది నాదే అన్నా! కుక్కను కొట్టబోతే పైకెళ్ళింది!" అంటూ తోటమాలి పకపకా నవ్వాడు. నవ్వుతూనే పురిటిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా మావయ్యను నేలమీదికి దించాడు. ఎవరూ చెప్పకుండానే తనే దిగొచ్చి, అన్నిటికన్నా పెద్ద కుండీకి గొలుసు చుట్టాడు. దాన్ని లేపి, షెడ్డు పక్కకు చేర్చి, తిరిగొచ్చి తెల్లగీతల మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

అత్తయ్య ఏరుకున్న మూత చేత్తో పట్టుకుని నోరు వెళ్ళబెట్టింది. స్నానాలగదిలో పగలబడి నవ్విన తల్లి గుర్తొచ్చింది. ఈ మనిషి బోల్టు ఆగుతుందో లేదో చూడ్డానికి వేలాడటం లేదు. పక్కన భయపడుతూ, ఆ మాట ఒప్పుకోలేక నిలబడ్డవాళ్ళ కోసం వేలాడుతున్నాడు. మరి, ఎప్పుడో బిగించిన ఆ మేడమీది రెయిలింగుకు ఇప్పటికీ రోజూ ఎవరి కోసం వేలాడుతున్నట్టు? అత్తయ్య గుండె ఎప్పటికన్నా గట్టిగా గుభేలుమంది. చిత్రంగా చేతిలో మూత మాత్రం జారలేదు.

ఇంటికి వెళుతూ అడిగింది. "మన రెయిలింగుకూ గీతలు గీశారా?"

"గీశాను."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఎండ ఎక్కువన్నావుగా," అన్నాడు మావయ్య.

మర్నాడు పొద్దున్న ఆయన మామూలుగానే రెయిలింగుకు ఆనుకుని, కాళ్ళు గాల్లో పెట్టి కాఫీ తాగుతున్నాడు. అత్తయ్య తడిబట్టల బుట్టతో గడప దాటి వసారాలోకి వచ్చింది. బుట్ట దించింది. వంగి తెల్లగీతలు చూసింది. తర్వాత రెయిలింగును రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్ళు ముడిచి, బరువంతా వదిలేసింది.

"ఏమండీ, కాఫీ అయిందా?"

మావయ్య కాళ్ళు దభాలున నేలకు దిగాయి. చేతిలో గ్లాసు జారి, రెయిలింగు సందులోంచి కిందికి పడి, ఠంగుఠంగుమంటూ వీధి చివరిదాకా దొర్లింది.

మావయ్య చేతిలోంచి జారిన గ్లాసు ఆ ఇంట్లో అదొక్కటే. చుట్టాలొస్తే దాని సొట్ట కథ మాత్రం అత్తయ్యే చెబుతుంది.