కటింగ్ మాస్టారి కాలునొప్పి

కటింగ్ మాస్టారు తన నొప్పిని ఒక్కడే అనుభవించే రకం కాదు. ఆయన కాలు లాగిందంటే షాపు షాపంతా కుంటాలి.

కత్తెర గుడ్డలో సగందాకా వెళ్లి ఆగేది. "అమ్మో! పట్టేసింది!" అన్న కేకకి ట్రయల్ రూములో ప్యాంటు తొడుక్కుంటున్న కస్టమరు ఒంటికాలి మీదే నిలబడిపోయేవాడు. మెషీన్లు ఆగేవి. మాస్టారు కుడి తొడ పట్టుకుని, కళ్లు మూసుకుని, ప్రసంగం అందుకునేవాడు.

"సయాటికా! నడుము దగ్గర పుట్టి, పిరుదు వెనకనుంచి పాదందాకా దిగే నరం. నొక్కుకునేది నడుములో, మంట పిక్కలో. తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయంటే ఏమో అనుకున్నాను. ఇదే!"

"మాత్ర వేసుకుని పడుకోండి మాస్టారూ," అనేవాడు ఓనరు.

"రోజంతా పడుకుంటే బిగుసుకుపోతుంది. కూర్చుంటే నలిగిపోతుంది. నడవాలి. కాజాలక్కా, చెయ్యి పట్టుకో!"

కాజాలక్క అంటే చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిడ. మాస్టారి కూతురి వయసుది. అయినా షాపంతా అక్కా అంటుంది గనక ఆయనా అక్కా అనేవాడు. ఆ పిలుపు వినగానే ఆవిడకి ఒళ్లు మండేది. ఎందుకంటే నిజంగా సయాటికా ఉన్నది ఆవిడకి.

కాసేపు కూర్చుంటే చాలు, ఎడమ పిరుదులోంచి పిక్కదాకా కాలిన దబ్బనం దింపినట్టుండేది. పళ్లు బిగించి కుట్టేది. పైకి చెప్పేది కాదు. కిందటేడు ప్యాకింగ్ మనిషి నడుమునొప్పి అంటే, "ఇంటికెళ్లి రెస్టు తీసుకో," అన్నాడు ఓనరు. ఆ రెస్టు ఇంకా పూర్తి కాలేదు. ఇంట్లో భర్తకు పనిపోయింది. ఇల్లు మొత్తం ఆవిడ సూది మీదే నడుస్తోంది.

మాస్టారి సంగతి వేరు. ఆయన కత్తెర ఆగితే షాపుకి తాళమే. అందుకే అరవగలడు. 'అదృష్టవంతుడు, నొప్పొస్తే నోరుంది,' అనుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించేది. తిరిగొచ్చేసరికి తన కాలు కాస్త తేలికపడేది. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనసొప్పేది కాదు.

ఆయన ఆగడాలు అక్కడితో ఆగలేదు. నేలమీద పడ్డ చిల్లర కోసం కస్టమరు వంగితే, "ఆగండి! వంచాల్సింది మోకాళ్లు, నడుము కాదు!" అని గద్దించాడు. పాపం ఆ మనిషి సగం వంగి, సగం లేచి, చిల్లర అక్కడే వదిలేసి వెళ్లాడు. ఓనరుతో పోట్లాడి మెత్త కొనిపించాడు. మర్నాడే, "ఇది నాకు గుచ్చుకుంటోంది," అని కాజాలక్క కుర్చీలో పడేశాడు. నిలబడి పనిచేసుకోవడానికి ఎత్తు టేబుల్ చేయించాడు. అది రాగానే, "నేనేమన్నా ఒంటెనా? నాకు అందదు. ఆవిడకివ్వండి," అన్నాడు.

స్కూలు యూనిఫాంలు కొండలా పడి ఉన్న రోజు ఓనరు ఓపిక నశించింది.

"మాస్టారూ, మీరు షాపులో కుడికాలు పట్టుకుంటారు. వీధిలో ఎడమకాలు కుంటుతారు. ఆ నరం గుమ్మం దాటగానే కాలు మారుస్తుందా?"

"నరం గదా, అటూ ఇటూ తిరుగుతుంది," అన్నాడు మాస్టారు.

"తిరిగింది చాలు. రేపట్నుంచి షికార్లు బంద్. టేబుల్ వెనక్కి పంపిస్తున్నా."

కాజాలక్క సూది గుడ్డలోనే ఆగింది. ఆ టేబుల్ పోతే తను పదిరోజులు కూడా నిలవదు. భయానికి నొప్పి జివ్వుమని, చెయ్యి ఎడమ తొడ మీదకి వెళ్లింది. ఎదురుగా మాస్టారి చెయ్యి ఆయన కుడి తొడ మీదకి వెళ్లింది. ఆవిడ చెయ్యి పిక్కకి దిగింది. ఆయన చెయ్యీ దిగింది. అనుమానం వచ్చి ఆవిడ చీలమండ పట్టుకుంది.

"అమ్మో, చీలమండ!" అన్నాడు మాస్టారు.

అద్దంలో బొమ్మలా! ఎదురుగా ఉంటే కుడి, పక్కన నడిస్తే ఎడమ. ఇన్నాళ్లూ ఆయన అరిచింది ఆవిడ నొప్పిని.

కాజాలక్క లేచి నిలబడింది.

"సయాటికా ఆయనకి కాదండీ, నాకు. టేబుల్ ఉంటే నిలబడి కుడతాను, మధ్యలో లేచి నాలుగడుగులు వేస్తాను. పని మాత్రం మానను. ఈ నెలలో నేను కుట్టిన కాజా ఒక్కటి వంకరగా ఉందేమో చూసి, అప్పుడు పంపించండి. టేబుల్నైనా, నన్నైనా."

ఓనరు గుట్టలోంచి ఒక చొక్కా లాగాడు. ఇంకోటి లాగాడు. మూడోదాని గుండీ పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"టేబుల్ ఉండనీ," అన్నాడు చివరికి. "కానీ ఈయన కేకలు ఆపాలి. కస్టమర్లు దడుచుకుంటున్నారు."

మర్నాడు వీధిలోకి నడుస్తూ ఆవిడ అడిగింది. "ఎలా కనిపెట్టారు?"

"కుర్చీలో బరువంతా కుడివైపే వేసేదానివి. మనుషుల్ని కొలిచేవాణ్ణి, ఆమాత్రం కనబడదా? నువ్వేమో చెప్పవు. నేనే డాక్టరమ్మ దగ్గరికెళ్లి, నొప్పి నాదని చెప్పి బల్లమీద పడుకున్నాను. కాలు పైకెత్తి, 'ఎక్కడ లాగుతోంది?' అంది. 'ఎక్కడ లాగాలో మీరే చెప్పండి,' అన్నాను."

కాజాలక్క నవ్వాపుకోలేక కరెంటు స్తంభం పట్టుకుంది.

"నవ్వు, కానీ విను. చాలామందికి మెల్లగా తగ్గుతుందట. కాల్లో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, ఒంటికీ రెంటికీ పట్టు తప్పినా మాత్రం ఆ క్షణమే పరిగెత్తుకు రమ్మంది. ఇవాళ సాయంత్రం నువ్వెళుతున్నావు. నా పేరు మాత్రం చెప్పకు, బయటికి తోసేస్తుంది."

"వెళతాను. మరి ఇకనుంచి మీరు ఊరికే ఉంటారా మాస్టారూ?"

మాస్టారు గొంతు తగ్గించాడు. "ఇస్త్రీ చేసే అతను చూడు, రెండు రోజులుగా పెట్టె ఎత్తేటప్పుడు మొహం తిప్పేసుకుంటున్నాడు. భుజం. నోరు విప్పడు. నేను అరుద్దామంటే ఓనరు ఊరుకోడు."

ఇద్దరూ వెనక్కి తిరిగారు. షాపు గుమ్మంలో అడుగు పెట్టగానే కాజాలక్క చెయ్యి భుజం మీదకి వెళ్లింది.

"అమ్మో!" అని వీధి వీధంతా దద్దరిల్లేలా అరిచింది. "పట్టేసింది!"