నోలీన్ కాటా

నోలీన్ ట్రెగియర్ ఆస్ట్రేలియాలోని లిస్మోర్ ఊరి చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ రోజుల్లోనే జబ్బుపడ్డ కోవాలాలను ఇంటికి తెచ్చి సాకడం మొదలుపెట్టింది. కోవాలాల ఆసుపత్రిలో చోటు చాలనప్పుడు డాక్టర్లు వాటిని ఆమె పెరట్లోని జాలీ కొట్టానికి పంపేవారు. దొరికిన వీధి పేరు, చూసి కబురు చేసిన మనిషి పేరు కలిపి కోవాలాకి పెట్టడం అక్కడి ఆనవాయితీ. అందులో ఒక చిక్కుంది. ప్రాణి పోయినా వీధి బోర్డు పోదు. కర్లూ వీధి బెరిల్ చచ్చిపోయి పంతొమ్మిదేళ్ళయినా నోలీన్ ఆ వీధిలో అడుగుపెట్టదు. పెట్రోలు మన బావిలో ఊరుతోందా అని మొగుడు మెర్వ్ దెప్పుతాడు, దెప్పుతూనే కారు చుట్టుదారిన తిప్పుతాడు.

బెరిల్‌కి క్లమీడియా, కోవాలాల కళ్ళకీ మూత్రాశయానికీ పట్టే అంటురోగం. కళ్ళు వాచి, పుసులు కట్టి, వెనకభాగం తడిసి ముద్దయి వచ్చింది. వారానికో సూది మందు వేశారు. కళ్ళు తేటపడ్డాయి. కానీ మందుకి తనవాళ్ళు, పగవాళ్ళు అన్న తేడా ఏం తెలుస్తుంది? జామాయిల్ ఆకును అరిగించే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను కూడా ఊడ్చిపారేసింది. బెరిల్ మాత్రం తింటూనే ఉంది. కోవాలాలను సాకేవాళ్ళందరికీ ఒకటే గర్వం, పొద్దున్నే కుండీలో కొమ్మలు బోడిగా కనిపించాలి. నోలీన్ రోజూ ఆ బోడి కొమ్మలు చూసి మురిసి, కాగితం మీద ‘బాగా తింది’ అని రాసింది. దాన్ని తూచాలని తోచలేదు. ఒత్తు బొచ్చులో ఒళ్ళు కరగడం కంటికి ఆనదు. నాలుగో వారం ఎత్తుకుంటే చేతికి ఎముకలే తగిలాయి. కడుపునిండా ఆకు పెట్టుకుని ఆకలితో చచ్చిపోయింది.

ఆ ఎముకలు నోలీన్ చేతుల్ని వదలలేదు. గిన్నెలు తోముతున్నా, స్టీరింగు పట్టుకున్నా అరచేతికి తగులుతూనే ఉండేవి. వారం తిరక్కుండా కాటా కొనుక్కొచ్చింది. ఆ తర్వాత ఆమె కొట్టంలోకి వచ్చిన ప్రతి కోవాలానూ రోజుకి మూడుసార్లు తూచింది. ఆ పని ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు. అంత శ్రద్ధ ఇంకెవరికుందని ఊరు ఊరంతా మెచ్చుకుంది.

ఈ ఆగస్టులో మిల్లు సందు కోరా వచ్చింది. మూడేళ్ళ ఆడది, అదే జబ్బు. మూడో వారానికి ఆరు కిలోల నుంచి అయిదున్నరకి దిగింది. మందు ఆపమని నోలీన్ డాక్టర్ టెస్ హాలోరన్‌కి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఆపితే రోగం మూత్రాశయంలో తిరగబెడుతుంది, ఆపకపోతే ఇది కూడా బెరిల్ దారి పడుతుంది. టెస్ రక్తమూ పెంటికలూ పట్టుకెళ్ళి పరీక్ష చేయించింది. రెండ్రోజుల తర్వాత తనే వచ్చింది. అప్పటికి నోలీన్ కొట్టంలో కోరాని తూచడానికి దాని గోళ్ళను ఒక్కొక్కటే కొమ్మ నుంచి విడదీస్తోంది. అది కిచకిచలాడుతూ వణుకుతోంది.

"దీన్ని రోజుకి ఎన్నిసార్లు తూస్తున్నారు?" అని అడిగింది టెస్.

"మూడు."

"పేగులు బాగానే ఉన్నాయి నోలీన్. మందు తప్పేం లేదు. పగలంతా పడుకోవాల్సిన దాన్ని ఇలా లేపి బెదరగొడితే తిన్నది ఒంటికి పట్టదు. రోగంతో పోరాడే శక్తి కూడా ఉండదు. అయిదు రోజులు మీరు లోపలికి రావద్దు."

ఆకు మార్చే పని మెర్వ్‌కి పడింది. కాటాను అతను కారు డిక్కీలో పెట్టి తాళం వేశాడు. "వెతక్కు. తాళంచెవి నాతోనే స్నానానికొస్తుంది" అన్నాడు. నోలీన్ నవ్వలేదు. ఆ అయిదు రోజులూ వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, అరచేతులు తొడల కింద నొక్కి పెట్టుకుని కూర్చుంది. తనను కట్టేసినట్టుందని మెర్వ్‌తో అంది.

ఆరోనాడు టెస్ తూచింది. అయిదు కిలోల ఎనిమిది వందలు. మెర్వ్ కేక పెట్టి చప్పట్లు కొట్టాడు. నోలీన్ కూడా సంతోషించింది, నిజంగానే సంతోషించింది. కోరా బతుకుతుంది. టెస్‌కి టీ పోయడానికి లేచి, చేతిలో కెటిల్‌తో ఆగిపోయింది.

"బెరిల్ తర్వాత నలభై మూడింటిని ఇలాగే తూచాను" అంది. "పదకొండు పోయాయి. మందు చంపిందని అందరికీ చెప్పాను. వాటిలో నేను చంపినవెన్ని?"

"తెలీదు నోలీన్. ఇప్పుడు తెలుసుకునే దారి కూడా లేదు."

ఇన్నని చెబితే ఏడ్చేది. ఒక్కటీ కాదంటే గుండె తేలికపడేది. మెర్వ్ వచ్చి ఆమె చేతిలోంచి కెటిల్ తీసుకుని పొయ్యి మీద పెట్టాడు.