ముక్కులు తుడిచే మాస్ట్రో

మాస్ట్రో అట్టీలియో కంట తడి ముక్కు పడితే చాలు, తుడిచేస్తాడు. పసిపిల్లల ముక్కు కాదు లెండి, అంతటి పుణ్యకార్యం ఆయనెప్పుడూ చెయ్యలేదు. శిష్యులు పొద్దుటినుంచీ చెమటోడ్చి నూనెరంగుల్లో దిద్దుకున్న ముక్కు! ఆయన భుజాన చిరిగిన దుప్పటి గుడ్డ ఒకటి ఉంటుంది, దానికి రంగులు కరిగించే టర్పెంటైన్ కంపు. ఆ కంపు వీపు వెనక్కి వచ్చిందంటే ఫ్లోరెన్సులో ఒక సందులోని ఆయన బొమ్మల బడిలో నేర్చుకునేవాళ్లందరికీ గుండె గుభేలుమంటుంది.

అందరూ నకలు తీసేది ఒకే పాత చిత్రాన్ని. అయిదువందల ఏళ్లనాటి ఉన్ని వర్తకుడు, నల్లటోపీ.

"ఈసారి బాగా కుదిరింది కదండీ?" అన్నాడు మందులషాపు కోసిమో ఒకరోజు.

"కుదిరింది, నీ ముక్కు! అద్దంలో చూసుకో. వర్తకుడి ముక్కేదీ?" ఒకే ఒక్క తుడుపు.

"అయ్యో! భోజనం కూడా మానేసి వేశానండీ!"

"వెళ్లి తిను. తడిమీద తుడిస్తే ముక్కే పోతుంది. ఎండిందంటే ఆ తప్పు జన్మంతా నీతోనే ఉంటుంది."

మాస్ట్రో తన మేనకోడలి పెళ్లిలో కేకు మీది చక్కెర పెళ్లికొడుకు ముక్కు కూడా బాగాలేదని వేలితో చెరిపేశాడట. ఆ వియ్యాలవారు ఇప్పటికీ ఆయనతో మాట్లాడరు.

భర్త తులియో పోయాక ఒర్నెల్లా అక్కడ చేరింది. ఇంట్లో ఫొటోలకు కొదవలేదు. అన్నింట్లోనూ తులియో అందరిలాగే పళ్లు బయటపెట్టి నవ్వుతుంటాడు. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఆమె మాటలు వినేటప్పుడు ఉండే ముఖం మాత్రం ఏ ఫొటోలోనూ లేదు. అది రోజురోజుకీ ఆమె మనసులోంచి జారిపోతోంది. ఆ సంగతి ఎవరితోనూ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

ఒక సాయంత్రం వర్తకుడి కంటి కింద నీడ దిద్దుతోంది. కనుబొమ ఒకటి కాస్త దిగింది, ముక్కు ఎడమకి ఒరిగింది. చూస్తే టోపీ కింద వర్తకుడు లేడు, తులియో ఉన్నాడు. ఒర్నెల్లా కుంచె వెనక్కి తీసేసింది. ఇంకొక్క గీత గీస్తే వెళ్లిపోతాడు.

వెనక టర్పెంటైన్ కంపు.

"ఇతను వర్తకుడు కాదు," అన్నాడు మాస్ట్రో.

"కాదండీ."

"ముక్కు వంకర."

"చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాడు."

గుడ్డ భుజం దిగింది. ఒర్నెల్లా కాన్వాసుకి అడ్డంగా నిలబడిపోయింది. "మీకు దణ్ణం పెడతాను, దీన్ని తుడవకండి! ఎలా వచ్చిందో నాకే తెలీదు. మళ్లీ రాడు!" అంటూ బావురుమంది.

మాస్ట్రో కంగారుగా కళ్లు తుడుచుకోమని ఆ గుడ్డే ఆమె చేతిలో పెట్టబోయాడు.

"కళ్లు పోతాయండీ!" అని కోసిమో కెవ్వుమని తన రుమాలు అందించాడు.

"గోడవైపు తిప్పిపెట్టమ్మా," అన్నాడు మాస్ట్రో. "ఎండేదాకా నామీద నాకే నమ్మకం లేదు. రేపు కొత్త కాన్వాసు మీద వర్తకుణ్ణి మొదలుపెట్టు."

తీరా ఆమె తిప్పబోతుంటే ఆయనే ఆపాడు. ఆ ముఖంకేసి చాలాసేపు చూశాడు.

"ఏం చెబుతున్నావమ్మా ఇతనికి? ఇంత శ్రద్ధగా వింటున్నాడు."

ఒర్నెల్లా ఏడుస్తూనే నవ్వేసింది.

"పక్కింటావిడ మీద చాడీలండీ."