ఇంటి నంబరు చూసి చుక్కల్ని కొట్టేశాను

ఏడాదిపాటు ఒక ఆడపిల్ల ఎదురుచూసిన రాత్రిని నేను నారాయణఖేడ్‌లో, గ్యాస్ ఏజెన్సీ కౌంటర్ ముందు, ఖాళీ సిలిండర్ల మధ్య నిలబడి దాదాపు బుగ్గిపాలు చేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు. కానీ న్యాయం ఎవరి వైపు ఉందో చివర్లో మీరే తేల్చాలి. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అప్పట్లో నేను ఇంట్లో కూర్చుని చుక్కల లెక్క చూసేదాన్ని. నమ్మరు కదూ? మా అత్తగారు కూడా నమ్మలేదు. చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. పెళ్లయ్యాక ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసి, ఆ తర్వాత హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థకు ఇంటినుంచే పనిచేసే ఉద్యోగం సంపాదించాను. ఆకాశంలో కొన్ని నక్షత్రాలు ఒకే మబ్బులోంచి, ఒకే కాలంలో పుట్టి, వదులుగా ఒక గుంపుగా తిరుగుతుంటాయి. అలాంటి గుంపులన్నిటి వివరాలూ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. ఒక్కో గుంపుకు ఒక్కో వరుస: పేరు, ఆకాశంలో అడ్రసు, దూరం, వయసు. కొత్త సంగతి తెలిస్తే చేర్చాలి, తప్పుంటే దిద్దాలి. మా ఆయన బస్సు కండక్టరు. "మీ ఆవిడ ఏం పని చేస్తది?" అని డిపోలో ఎవరైనా అడిగితే, "చుక్కలకు ఆధార్ కార్డులు చేస్తది" అనేవాడు.

ఒకరోజు మా సార్ ఫోన్ చేశారు. "స్వరూపా, ఒకే గుంపును ఇద్దరు ముగ్గురు వేరువేరు పేర్లతో ఎక్కించారమ్మా. ఆ డూప్లికేట్లు ఏరెయ్యాలి. కానీ చూసి ఏరు" అన్నారు. ఏం చూడాలో కూడా చెప్పారు పాపం. అడ్రసు ఒకటైనంత మాత్రాన సరిపోదు, దూరం చూడాలి, ఎటు కదులుతోందో చూడాలి అన్నారు. నేను "సరే సార్, సరే సార్" అన్నాను. అనడం వరకే నాకు గుర్తుంది.

ఎందుకంటే డూప్లికేట్లు ఏరడం నాకెవరూ నేర్పక్కర్లేదు! పాత ఆఫీసులో నేను చేసిన పనే అది. ఒకే ఇంటి నంబరు మీద రెండు రేషన్ కార్డులు కనిపిస్తే ఒకటి కొట్టెయ్యడమే. "స్వరూప కన్ను పడ్డదంటే బోగస్ కార్డు బతకదు" అని అక్కడ నాకు పేరు. ఆ పేరు తలకెక్కి ఉంది. డేటాబేస్ తెరిచి అడ్రసుల వారీగా వరుసలు పేర్చుకుని చూశాను కదా, కోపం నషాళానికి అంటింది. ఒకే చోట కూర్చుని రెండేసి పేర్లా! ఆకాశంలో కూడా ఇదే దందానా! అడిగేవాళ్లు లేరనుకున్నారా? టక్ మని ఒకటి కొట్టేశాను. ఇంకోటి కొట్టేశాను. దూరం ఉన్న గడి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. ఆ సాయంత్రం టీ తాగుతుంటే ఆకాశం ఊడ్చి ముగ్గేసినంత తృప్తిగా అనిపించింది.

ఆకాశంలో అడ్రసంటే ఉత్త దిక్కు మాత్రమే. మా మేడ మీదినుంచి చూస్తే నీళ్ల ట్యాంకూ, దాని వెనక ఎక్కడో పొలాల్లో ఉన్న సెల్ టవరూ ఒకేచోట కనిపిస్తాయి. అలాగని ట్యాంకూ టవరూ ఒకటే అనుకుని టవరు పీకేస్తామా? నేను పీకేశాను.

ఇక గ్యాస్ సంగతి. మా ఇంట్లో నేనూ, మా తోడికోడలు అనసూయక్కా ఉంటాం. ఇల్లు ఒకటే, ఇంటి నంబరు ఒకటే. కానీ ఒకనాడు కూరలో కారం ఎక్కువైందని మొదలైన మాట పెరిగి పెరిగి రెండు వంటిళ్లయింది. ముందు గదిలో పొయ్యి ఆమెది, వెనక గదిలోది నాది. చుక్కలు ఏరేసిన వారానికే నా గ్యాస్ బుకింగు ఆగిపోయింది. తెల్లారితే పిల్లలకు బాక్సులు కట్టాలి. చీర చెంగు బిగించి ఏజెన్సీకి పోయాను. కౌంటర్లో కంప్యూటర్ ముందు సైమన్ కూర్చున్నాడు. మా వీధిలోనే పెరిగిన పిల్లాడు.

"ఏందయ్యా సైమన్! నా గ్యాస్ ఎందుకు బంద్ చేసిండ్రు?"

"నేను చేయలేదక్కా, సిస్టం చేసింది. మీ ఇంటి నంబర్ మీద రెండు కనెక్షన్లున్నయ్."

"ఉంటే? పొయ్యిలు వేరు, గిన్నెలు వేరు. అనసూయక్క పప్పు నేను ముట్ట, నా పప్పు ఆమె ముట్టది. గిది ఒక్క కుటుంబమా?"

"సిస్టంకు పప్పు సంగతి ఎర్కలేదక్కా. దానికి అడ్రస్ ఒక్కటే కనబడ్తది."

"అడ్రస్ ఒక్కటైతే మనుషులు ఒక్కటైతరా? గా రూలు పెట్టినోన్ని పిలువు, మా వంటింట్ల నిలబెడ్త! గుడ్డిగ ఇంటి నంబర్ చూసి కొట్టేసుడేనా? జర తెలివుండొద్దా?"

వెనక వరుసలో ఉన్న తాత ఒకాయన ఖాళీ సిలిండరు మీద చెయ్యేసి, "నిజం మాట్లాడుతుందిరా బిడ్డ" అన్నాడు. నాకు ఇంకాస్త ఊపొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, నేను కీర్తనను. టెలిస్కోప్ కాడికెళ్లి మాట్లాడుతున్న. నా గుంపు డేటాబేస్ల లేదక్కా!"

కీర్తన మా సార్ దగ్గర పరిశోధన చేసే పిల్ల. సిద్దిపేట వైపు. పెద్ద టెలిస్కోపులో ఒక్క రాత్రి దొరకాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏడాది కాచుకోవాలి. ఆ రాత్రి ఆమెది. చూడాల్సిన గుంపు వివరాలను టెలిస్కోపు మా డేటాబేస్‌నుంచే తీసుకుంటుంది. సాయంత్రం అయిదు లోపల దొరక్కపోతే రాత్రి వేరేవాళ్లకు పోతుంది. అప్పటికే నాలుగు దాటింది.

"ఏ గుంపమ్మా?" అన్నాను. చెప్పింది. "ఓ, గదా? గది బోగస్. తీసేసిన."

"బోగసా!"

"కాదా మరి? దాని అడ్రస్ మీద ఇంకోటున్నది. ఒకే అడ్రస్ మీద రెండుంటే ఒకటి బోగస్ గాకపోతే ఏంది? అన్నీ చూసుకుంటనే కొట్టేసిన. నాకు నేర్పకు!"

"అక్కా, అడ్రస్ ఒక్కటే గానీ అవి రెండు వేరక్కా! ఒకటి ముందట ఉన్నది, ఒకటి మస్తు ఎనక ఉన్నది. దేని కాపురం దానిదే! నా పీహెచ్‌డీ మొత్తం గా ఎనకదాని మీదనే..." అంటూ ఏడ్చేసింది.

సైమన్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు.

"అక్కా, జర మల్ల చెప్పు. ఒకే అడ్రస్ మీద రెండుంటే ఏంది?"

వరుసంతా గొల్లుమంది. నిజం మాట్లాడుతుందన్న తాతే, "మా కాడ గట్ల, ఫోన్ల గిట్లనా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఫోన్‌లో ఆ పిల్ల వెక్కుతూనే ఉంది. నా చేతి దురుసుకు ఆమె ఏడాది పోతుందా? నా కంప్యూటరేమో ఇంట్లో ఉంది, ఆ మధ్యాహ్నంనుంచి మా వీధిలో కరెంటు లేదు.

"సైమన్, నీ కంప్యూటర్ జర ఇయ్యి. జల్దీ!"

"గదెట్లైతదక్కా? లైన్ల గిందరున్నరు."

"ఒక పిల్ల చదువు ఆగమైతదిరా!"

"ఐతే ముందుగాల నువ్వు ఫోన్ల అన్న మాట వాపస్ తీస్కో."

ఎంత పొగరు చూడండి! నేను ఎత్తుకుని ఆడించిన పిల్లాడు! అయినా ఏం చేస్తాను? సగం ఊరు వింటుండగా, "ఒకే అడ్రస్ మీద రెండుంటే రెండూ అసలువే. వాపస్ తీస్కున్న. జరుగు ఇగ!" అని కౌంటర్ లోపలికి పోయి కూర్చున్నాను.

కొట్టేసిన వరుసలు కొన్నాళ్లు ఒక పక్కన పడి ఉంటాయి, వెతికి వెనక్కి తేవచ్చు. తొందరలో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను. తాత కౌంటర్ మీదినుంచి తొంగి చూశాడు.

"ఏంది బిడ్డా, నా బుకింగ్ కనబడ్తుందా?"

"ఆగు తాతా, చుక్కలు పోయినయ్, దేవులాడుతున్న."

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, పక్కనున్న మనిషితో మెల్లగా అన్నాడు. "గ్యాస్ బంద్ చేస్తే ఆడోళ్లు గిట్లనే అయితరు."

వరుస దొరికింది. వెనక్కి తెచ్చాను. ఫోన్‌లో "వచ్చిందక్కా! తీసుకున్నది!" అని కీర్తన కేక వేసింది. గోడ గడియారంలో అయిదు కావడానికి కొంచెమే తక్కువుంది. నాకు చెమటతో జాకెట్టు తడిసిపోయింది. ఆ సాయంత్రం సార్ ఫోన్ చేసి, "చూసి ఏరమన్నాను కదమ్మా" అని ఒక్క మాట అని పెట్టేశారు. నాలుగు తిట్టినా బాగుండేది. మిగిలిన వరుసలన్నీ వెనక్కి తెచ్చి, దూరాలు చూసి, కదలికలు చూసి, బుద్ధిగా మొదటినుంచి ఏరాను. గ్యాస్ కూడా వచ్చింది లెండి. ఏజెన్సీనుంచి మనిషి వచ్చి రెండు పొయ్యిలూ చూసి పోయాడు.

కథ ఇక్కడ ముగిసి ఉంటే నాకు ఏ బాధా ఉండేది కాదు. ఏడాది తిరక్కముందే కీర్తన మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, నాకు డాక్టరేట్ వచ్చింది!"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "గా గుంపు మీదనేనా?"

"అవునక్కా. గా రాత్రి చూసినదాంతోనే తేలింది."

"ఏం తేలింది?"

"అది గుంపే కాదని తేలిందక్కా! ఉత్త చుక్కలు. ఒకదానికి ఒకటి సంబంధమే లేదు. దేని దూరం దానిది, దేని తొవ్వ దానిది. బస్టాండ్ల మనూరు బస్సుకు ఆగినోళ్లు, నాగల్‌గిద్ద బస్సుకు ఆగినోళ్లు దూరంకెళ్లి చూస్తే ఒక్క పెండ్లోళ్ల లెక్క కనబడ్తరు గదా, గట్లన్నట్టు. గందుకే అక్కా... గా వరుస డేటాబేస్లకెళ్లి జర తీసేస్తవా?"

విన్నారా! నేను టెలిస్కోపు లేకుండా, ఏడాది కాచుకోకుండా, వంటింట్లో కూర్చుని బోగస్ అని కొట్టేస్తే తప్పయింది. నలుగురిలో మాట వాపస్ తీసుకోవాల్సి వచ్చింది. ఆమె అదే మాట అంటే డాక్టరమ్మ అయింది! నేను చూడకుండా అన్నాననీ, ఆమె చూసి అన్నదనీ సార్ అంటారు. అనమనండి.

అందుకే మీ అందరి ముందూ ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట ఆకాశంలో ఏ గుంపు బోగస్‌గా కనిపించినా, ఉన్న చుక్కలన్నీ నా కళ్లముందే ఆరిపోయినా సరే, దాని మీద ఎవరో ఒకరికి డాక్టరేట్ వచ్చేదాకా ఆ వరుస మీద చెయ్యి వెయ్యను.