అన్న కళ్ళలో పసరు

మా అన్నకు చేతిలో ఉన్న కందికాయలో పురుగు కనిపించేది, పక్కన నిలబడ్డ ఎద్దు కనిపించేది కాదు. చేనుకు పోతూ దానికే తగిలి పడేవాడు. తాగి నడుస్తున్నాడని ఊళ్ళో అనుకున్నారు. మాది ఝరాసంగం దగ్గర పల్లె. నేను పెళ్ళయినప్పటి నుంచి జహీరాబాద్‌లో ఉంటున్నాను, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నాకూ అదే జబ్బు, కాకపోతే అన్నకంటే ఒక అడుగు వెనక ఉన్నాను.

చిన్నప్పుడు దాన్ని రేచీకటి అన్నారు. పొద్దుగూకితే ఇద్దరం గోడ పట్టుకుని నడిచేవాళ్ళం. మేక కార్జం తినిపిస్తే పోతుందంటే తిన్నాం. పోలేదు. పెద్దయ్యాక అన్న పగటిపూట కూడా తడుముకోవడం మొదలుపెట్టాకే హైదరాబాద్‌లో కంటి ఆస్పత్రికి వెళ్ళాం. అమ్మ కూడా వచ్చింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ మా తల్లిదండ్రులది మేనరికమా అని అడిగింది. మా నాన్న మా అమ్మకు సొంత మేనమామ. అన్న అవునన్నాడు. కంటి వెనక వెలుతురు పట్టే పొర మెల్లగా ఎండిపోతోందనీ, చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతుందనీ, ఇది పుట్టుకతో వచ్చిందనీ ఆమె నెమ్మదిగా చెప్పింది. మాకు వచ్చిన రకానికి ఇప్పటికైతే మందు లేదు. అన్నకు ఎడమ కన్ను దాదాపు పోయింది గానీ, కుడికంట్లో నడిమి చూపు ఇంకా బాగానే ఉందట. కొన్నేళ్ళు నిలవచ్చు, జాగ్రత్తగా కాపాడుకొమ్మంది.

ఇంత చెబితే అమ్మ చెవికి ఎక్కింది ఒక్క ముక్కే. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సదాశివపేట దాటాక అంది, "అయితే నా పెండ్లే మీ కండ్లు తిన్నది."

నాన్న అప్పటికే లేడు. నిందించడానికి ఆమెకు ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు.

అప్పటినుంచి మందు వెతకడం అమ్మ పని అయిపోయింది. ఎవరు ఏది చెప్పినా మమ్మల్ని తీసుకుపోయేది. ఒకచోట చెవి తమ్మెలకు, వేళ్ళ సందులకు సూదులు గుచ్చారు. ఇంకోచోట కంటి చుట్టూ మినప్పిండితో గట్టు కట్టి గోరువెచ్చని నెయ్యి పోశారు. దానికి నేనూ పడుకున్నాను. చూపు పెరగలేదు గానీ హాయిగా ఉండేది. ఆస్పత్రిలో మా కళ్ళలోకి లైటు వేసి చూశారు, చెప్పాల్సింది చెప్పి పంపేశారు. ఇక్కడ ఒక మనిషి చేయి మన నుదుటి మీద కాసేపు ఉంటుంది. ఏదో జరుగుతోందనిపిస్తుంది. ఆ అనిపించడం కోసమే మళ్ళీ వెళ్ళేవాళ్ళం.

ఆ తర్వాత బీదర్ అవతల ఆకుమందు ఇచ్చే మనిషి గురించి అమ్మకు తెలిసింది. చెరకు చేల మధ్య రేకుల షెడ్డు. కోహీర్ నుంచీ, అటు మహారాష్ట్ర నుంచీ వచ్చినవాళ్ళు బయట చెప్పులు విడిచి కూర్చున్నారు. అతను జబ్బు పేరు అడగలేదు, కాగితాలు చూడలేదు. ఆకులు నలిపి గుడ్డలో వేసి అన్న కళ్ళలోకి పిండాడు. అన్న కాళ్ళు కొట్టుకున్నాడు. మంట పుట్టిందంటే మందు పని చేస్తున్నట్టేనని అతను కన్నడం కలిసిన తెలుగులో చెప్పాడు. ఒక సీసా ఇచ్చి, ఇంటికి పోయి కళ్ళకు గుడ్డ కట్టుకుని చీకటి గదిలో ఉండాలనీ, పూటపూటకూ పసరు పోసుకోవాలనీ, ఉప్పు లేని రొట్టే తినాలనీ అన్నాడు.

నన్ను కూడా పడుకోమన్నారు. పెళ్ళిళ్ళ సీజను, ఇవ్వాల్సిన జాకెట్లు ఉన్నాయి, తర్వాత వస్తానన్నాను. నా కళ్ళు మిగిలింది ఆ జాకెట్ల వల్లే, తెలివి వల్ల కాదు.

గుడ్డ విప్పిన రోజు అమ్మ వాకిట్లో నిలబడి తన చీర రంగేమిటని అడిగిందట. ఆకుపచ్చ అన్నాడట అన్న. అమ్మ ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది. కుడుతున్న బట్ట అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. నేను వెళ్ళేసరికి ఇంటింటికీ చక్కెర పంచుతోంది. అన్న మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. చెడు నీరు బయటికి పోతోందని ఆ మనిషి ఫోన్‌లో చెప్పాడట. ఇక ఆపేద్దామని వదిన అంది. చూపు వస్తుంటే ఎవరైనా ఆపుతారా అని అమ్మ కసిరింది. నేను వదిన పక్షం మాట్లాడలేదు. నాకూ ఆశగానే ఉంది.

కొన్నాళ్ళకే అన్న నొప్పితో తల ఎత్తలేకపోయాడు. కుడికంటి నల్లగుడ్డు మీద తెల్లగా పొర కనిపించింది. నేనూ మా ఆయనా అతన్ని అదే ఆస్పత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పుండు లోతుకు పోయిందని మాత్రం అంది. పుండు మానింది, మచ్చ మిగిలింది. కొన్నేళ్ళు నిలవాల్సిన చూపు ఆ మచ్చ కింద పోయింది. ఇప్పుడు ఆ కంటికి పగలేదో రాత్రేదో తెలుస్తుంది, అంతే.

మరుసటి పత్తి తీతలప్పుడు ఊరికి వెళ్ళాను. అమ్మా వదినా చేనులో ఉన్నారు. అన్న అరుగు మీద కూర్చుని చేతితో తడుముతూ కాయల్లోంచి పత్తి తీస్తున్నాడు. తనే మొదలుపెట్టాడు.

"చెల్లె, ఆ పొద్దు నాకు చీర కనవడలె."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అమ్మ గొంతు వణుకుతుండె. ఏదో ఒకటి చెప్పాలె గద. ఎక్కువ ఆకుపచ్చదే కడ్తది, ఆకుపచ్చ అన్న. గది నిజమయింది. ఇగ ఎనుకకు ఎట్ల పోత?"

మరి అంత మంటను ఎందుకు ఓర్చుకున్నావని అడిగాను.

"కనవడ్తుందంటె అమ్మ అన్నం తింటుండె," అన్నాడు. ఇంకో కాయ తడుముకుని అందుకుంటూ, "అమ్మకు చెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. వదినకు తెలుసేమోనని నా అనుమానం. ఆమె కూడా ఆ మాట ఎత్తదు.

చేను పాలుకు ఇచ్చేశారు. అన్న తెర మీద ఉన్నది చదివి వినిపించే ఫోన్ వాడటం నేర్చుకున్నాడు, దాంట్లో పత్తి ధరలు వింటాడు. మడత కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ, ఎవరైనా వస్తున్న అలికిడైతే దాన్ని మడిచి చంకలో పెట్టుకుంటాడు. నేను ఏటా ఆస్పత్రికి వెళ్తున్నాను. మందు ఇవ్వరు. భూతద్దం ఇచ్చారు, మిషన్ దగ్గర దీపం ఎక్కడ పెట్టుకోవాలో చెప్పారు, కర్రతో మెట్లు దిగడం నేర్పారు. నల్ల బట్ట మీద నల్ల దారం ఇక కుట్టలేను. అలాంటివి వస్తే పక్క వీధిలో కుట్టేవాళ్ళకు ఇచ్చుకొమ్మంటున్నాను.

పోయిన నెల అమ్మ వచ్చింది. రాయికోడ్ వైపు ఎవరో కళ్ళ చుట్టూ చిన్నగా కరెంటు పెడుతున్నారట. ఆకులోడు కాదు, చదువుకున్నవాడు, నొప్పి ఉండదు అంది. నేను రానన్నాను. అమ్మ నా ముఖం తన వైపు తిప్పుకుని అడిగింది.

"నిజం చెప్పు బిడ్డా. ఇన్నేండ్లల్ల నేను చేపిచ్చిన దాంట్ల దేనితోనన్న నీకు జర మేలు అయిందా?"

అన్న చెప్పినట్టు నేనూ చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా," అన్నాను.

ఆమె చేయి తీసేసింది. తెల్లవారి టీ తాగి, మొదటి ఆటోకే వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పిల్లల చదువు అడుగుతుంది, జహీరాబాద్‌లో వాన పడిందా అని అడుగుతుంది. నా కళ్ళ మాట ఎత్తదు.