సాగదీసిన లఘువు

మొన్న మా మనవరాలు నేను పంపిన వాయిస్ మెసేజ్‌ను రెట్టింపు వేగంతో పెట్టుకుని వింటుంటే, నా గొంతే నాకు పిచ్చుక కిచకిచలా వినబడి నవ్వొచ్చింది గానీ, ఆ వెంటనే రామన్నపేట దగ్గరి బడిలో నా దగ్గర చదువుకున్న ఒక పిల్ల గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మాట. నేనప్పుడు తెలుగు టీచర్ని, ఛందస్సంటే ప్రాణం. ఒక చిటికె వేసేంత సేపు ఒక మాత్ర, లఘువుకు ఒకటి, గురువుకు రెండు అని పిల్లల వేళ్లు నొప్పెట్టేదాకా నేర్పేదాన్ని; అన్నం పెట్టమని అడిగినా ముందు ఆ మాటలో మాత్రలు లెక్కబెడతానని మా ఆయన ఎగతాళి చేసేవారు. ఆ పిల్లకు నత్తి. పేరు చెప్పడానికే ముఖమంతా చెమటలు పట్టేవి, కానీ నాట్లకు పోయే వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పాట ఎత్తుకుంటే ఒక్క అక్షరం తడబడేది కాదు. అందుకే వార్షికోత్సవంలో పాడతానని తనంతట తానే చెయ్యెత్తింది. ఒక్కసారైనా అందరి ముందు తడబడకుండా నోరు విప్పాలని దాని ఆశ.

నేను ఊరుకున్నానా? ఆ పాటలో ఒకచోట అది పొట్టి అక్షరాన్ని బాగా సాగదీసేది; లఘువును అంతలా సాగదీస్తే నడక చెడుతుందని వారం రోజులు చిటికెలు వేసి మరీ దిద్దాను. వార్షికోత్సవం రోజు ముందు వరుసలో కూర్చుని కూడా చిటికెలు వేశాను. నా చిటికెను అందుకోవాలని తొందరపడి, రెండో చరణంలోనే నత్తి పట్టుకుని, పిల్లలంతా గొల్లున నవ్వితే తల వంచుకుని వేదిక దిగిపోయింది.

తప్పు ఒప్పుకుందామని మర్నాడు వాళ్లమ్మ నాటేసే పొలానికి వెళ్లాను. నడుములు వంచి పాడుతున్న ఆడవాళ్లు, నేను కత్తిరించిన ఆ అక్షరం దగ్గరే గొంతు సాగదీస్తూ, ఎడమచేతి కట్టలోంచి నారు తీసుకుంటున్నారు. వాళ్లమ్మ కోప్పడలేదు. “గంత జల్ది పాడితే ఎట్ల టీచరమ్మా, నారు చేతికందాలె గద” అంది.

ఆ పిల్ల మళ్లీ పాడలేదు. ఇప్పుడు జడ్చర్లలో మందుల కంపెనీలో పనిచేస్తోంది. ఎక్కడన్నా కనబడితే, మాట తడబడుతున్నా నిలబడి నా బాగోగులు అడుగుతుంది, నేను మధ్యలో అందుకోకుండా వింటాను. మా వైపు నాట్లన్నీ ఇప్పుడు గుత్తకు తీసుకుని బయటి రాష్ట్రాల కూలీలు వేస్తున్నారు. వాళ్లమ్మ కూడా పోయింది. ఆ పాట ఒక్కసారి వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. తక్కినవాళ్లకు ముక్కలు ముక్కలుగానే గుర్తు, అది పూర్తిగా వచ్చింది ఇక ఆ పిల్లకే. పాడమని ఏ ముఖం పెట్టుకుని అడగను?