నిశ్శబ్దం మేడమ్ కళ్లజోడు

యంత్రం అబద్ధం చెప్పదని లోకంలో ఒక గట్టి నమ్మకం ఉంది. మనిషికి మొహమాటం ఉంటుంది, చుట్టరికం ఉంటుంది, ఆకలి ఉంటుంది. యంత్రానికి ఇవేవీ లేవు గనుక దాని మాట నిజమై తీరాలన్నది వాదం. ఆకలి లేనంత మాత్రాన సత్యం అబ్బుతుందని అనుకోవడానికి ఆధారమేమీ కనిపించదు. గోడకు కూడా ఆకలి లేదు. ఈ సంగతిని తర్కంతో తేల్చడం కన్నా ఒక బడి గ్రంథాలయంలో పనిచేసే ఆవిడ విషయంలో ఏం జరిగిందో చూడటం మేలు.

పిల్లలు ఆమెను నిశ్శబ్దం మేడమ్ అంటారు. గదిలో ఎవరు గుసగుసలాడినా తల ఎత్తకుండా "నిశ్శబ్దం" అంటుంది. ఆ ఒక్క మాట ఏ గుసగుస కన్నా పెద్దగా వినిపిస్తుంది. వరండా చివరి గది ఆమెది: గోడల పొడవునా బీరువాలు, అట్టలూడిన పుస్తకాల కట్ట, జిగురు డబ్బా, కిటికీ పక్కన ఒక చేతుల కుర్చీ. భోజనాల తర్వాత ఏ తరగతీ గ్రంథాలయానికి రాని పీరియడ్ ఒకటుంది. ఆ పీరియడంతా ఆమె ఆ కుర్చీలో కళ్లు మూసుకుని ఉంటుంది. ఎవరైనా తలుపు తోస్తే కళ్లు తెరవకుండానే "ఆలోచిస్తున్నాను" అంటుంది. దేని గురించి అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇలాంటి మర్యాద తత్వవేత్తలకు కూడా అరుదుగానే దక్కింది.

ఇంత చిన్న విషయానికి ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆమె ఇంట్లో పగటినిద్ర నిషిద్ధం. నిషేధం విధించింది ఆమే. భర్త గడియారాలు బాగుచేస్తాడు. ఆరు రోజులు భూతద్దం కంటికి పెట్టుకుని వంగి కూర్చునే మనిషి ఆదివారం మధ్యాహ్నం కాస్త నడుం వాల్చబోతే, "పగలు పడుకునే మనిషిని నేను నమ్మను" అంటుంది. పెళ్లయిన కొత్తలో విన్న ఆ మాటకు కట్టుబడి అతను ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ పత్రిక పట్టుకుని నిటారుగా కూర్చుని గడిపాడు. ఈ శాసనాన్ని శంకించినది ఆడపడుచు ఒక్కతే. అదే బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది గనుక కిటికీలోంచి చూసే అవకాశం ఆమెకు ఉండేది.

"వదిన ఆలోచిస్తుంది అన్నయ్యా, కాదనను. గురక పెడుతూ ఆలోచిస్తుంది," అనేది.

"అది ఊపిరి. లోతుగా ఆలోచిస్తే ఊపిరి కూడా లోతుగానే వస్తుందమ్మా," అనేది వదిన.

ఆ ఏడాది విద్యార్థుల సాంకేతిక ప్రదర్శన కోసం తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు, ఒకరు పొడుగు, ఒకరు రెండు జడలు, నిద్రను కనిపెట్టే యంత్రం చేయబూనుకున్నారు. తరగతిలో ఎవరు కునికినా కెమెరా చూసి హెచ్చరించాలి. హెచ్చరించే గొంతు డ్రిల్లు మాస్టారిది. ముందే రికార్డు చేసి పెట్టారు. అయితే నిద్ర అంటే ఏమిటో యంత్రానికి నేర్పడానికి నిద్రపోయేవారి ఫొటోలు, మేలుకున్నవారి ఫొటోలు బోలెడు కావాలి. నిద్ర నటించమంటే తోటిపిల్లలు పకపకా నవ్వారు. చివరికి వరండా చివరి గదికి వచ్చారు.

"మేడమ్, నిద్రపోతున్నట్టు కొంచెం నటిస్తారా?" అంది పొడుగమ్మాయి.

"నాకు నటన రాదు."

"కళ్లు మూసుకుంటే చాలు మేడమ్."

"అది వచ్చు," అంది ఆమె.

వారం పాటు ఆ ఖాళీ పీరియడ్‌లో ఫొటోలు తీశారు. పుస్తకం పట్టుకుని చదువుతున్నప్పుడు తీసినవన్నీ మెలకువ. కుర్చీలో వెనక్కి వాలినప్పుడు తీసినవన్నీ నిద్ర. మొదటి రోజు నాలుగైదు ఫొటోల తర్వాత ఆమెకు చెప్పాల్సిన అవసరమే రాలేదు. నోరు కాస్త తెరుచుకోవడం కూడా నటనలో భాగమేనని పిల్లలు ముచ్చటపడ్డారు. యంత్రాన్ని పరీక్షించడానికి మళ్లీ ఆమెనే కూర్చోబెట్టారు. ఒక్కసారి కూడా అది తప్పు చెప్పలేదు.

ప్రదర్శన ఆటల హాలులో జరిగింది. బల్లలు వరుసలుగా వేసి, వైర్లు నేలకు అంటించారు. పక్క బల్ల మీది మొక్కలకు నీళ్లు పోసే యంత్రం తన ముందు నిలబడ్డ ప్రతి బూటునూ మొక్కగానే భావించి తడిపింది. న్యాయనిర్ణేత, ఒక విశ్రాంత ఇంజనీరు, తడిసిన బూట్లతో మన అమ్మాయిల బల్ల దగ్గరికి వచ్చాడు. స్వాగతోపన్యాసం ఇంకా సాగుతూనే ఉంది; ముందు వరుసలో ముఖ్య అతిథి కళ్లజోడు ముక్కు మీదే ఉంచుకుని, గడ్డం గుండెకు ఆనించి హాయిగా గురక పెడుతున్నాడు.

"అటు తిప్పండమ్మా," అన్నాడు న్యాయనిర్ణేత మెల్లగా.

కెమెరా అటు తిప్పారు. "మెలకువగా ఉన్నారు," అంది యంత్రం.

తెర మీద రాసింది చదవడానికి న్యాయనిర్ణేత తన కళ్లజోడు నుదుటి మీదికి జరుపుకుని ముందుకు వంగాడు. ఆ అలికిడికి జడలమ్మాయి కెమెరాను ఆయన వైపే తిప్పింది.

"నిద్రపోతున్నారు. లేవండి," అంది డ్రిల్లు మాస్టారి గొంతు.

"నిలబడే ఉన్నానమ్మా."

"లేవండి."

"ఇంతకన్నా లేవలేను," అన్నాడాయన. తరవాత పిల్లల ముఖాలు చూసి గొంతు తగ్గించాడు. "అన్ని బల్లలూ చూసి చివర్లో మళ్లీ వస్తాను. సరిచేయలేకపోయినా ఫరవాలేదు, ఎందుకిలా అంటోందో చెప్పగలిగితే మిమ్మల్ని పోటీలో ఉంచుతాను."

పొడుగమ్మాయి వైర్లు పీకి మళ్లీ పెట్టింది. జడలమ్మాయి జడ కొస కొరుకుతూ నిలబడింది. యంత్రం ఎన్నడూ తప్పు చెప్పని మనిషి కదా అని ఆడపడుచు జనంలోంచి వదినను చెయ్యి పట్టుకుని తెచ్చి కెమెరా ముందు కూర్చోబెట్టింది. ప్రదర్శన చూడటానికి వచ్చిన భర్త కూడా వెంట వచ్చాడు. అందరూ చూస్తూ ఉండగా నిజంగా నిద్రపట్టేది కాదు. ఆమె ఊరికే కళ్లు మూసుకుంది. కళ్లజోడు ముక్కు మీదే ఉంది.

"మెలకువగా ఉన్నారు," అంది యంత్రం.

భర్త ముఖం వాడిపోయింది. "అయితే ఇన్నాళ్లూ నిజంగానే ఆలోచిస్తున్నావన్నమాట," అన్నాడు.

"యంత్రం అబద్ధం చెప్పదుగా అన్నయ్యా," అంది ఆడపడుచు, చేదు మింగినట్టు ముఖం పెట్టి.

ఇంతటి విజయాన్ని నిశ్శబ్దం మేడమ్ కలలో కూడా ఊహించి ఉండదు. ఆ కలలు ఏ పీరియడ్‌లో వచ్చేవో మనకు తెలుసు. ఆమె నోరు విప్పకుండా ఉంటే చాలు, ఆదివారపు శాసనానికి ఇక తిరుగులేదు. అయితే ఎదురుగా అట్ట మీద అంటించిన ఫొటోలు ఆమె కంట పడ్డాయి. చదువుతున్న ఫొటోల్లో కళ్లజోడు ముక్కు మీద ఉంది. నిద్ర ఫొటోలన్నిటిలోనూ నుదుటి మీద ఉంది. రోజూ కునుకు పట్టేముందు చెయ్యి దానంతటదే దాన్ని పైకి తోస్తుంది. యంత్రం కళ్లను చూడనేలేదు, కళ్లజోడును చూసింది. అది అబద్ధమూ చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. తనకు చూపించినదాన్ని అప్పజెప్పింది.

న్యాయనిర్ణేత తిరిగి వచ్చేసరికి ఆమె కళ్లజోడు సంగతి వరకే చెప్పింది. ఆయన అట్ట వైపు చూసి తల ఊపాడు, కానీ కలం ఎత్తలేదు.

"కారణం దొరికింది. కానీ ఈ ఫొటోల కింద నటన అని రాశారు. అవన్నీ నటనే అయితే ఈ యంత్రం ఒక్క నిద్రనైనా చూడలేదు. అప్పుడిది నటనను కనిపెట్టే యంత్రం అవుతుంది. అలాంటప్పుడు నేను పై పోటీకి పంపలేను."

పిల్లలిద్దరూ తలలు దించుకున్నారు. భర్త పక్కనే ఉన్నాడు. నిశ్శబ్దం మేడమ్ గదిలో కోరుకునేంత నిశ్శబ్దం ఆ బల్ల చుట్టూ ఏర్పడింది.

"నటన కాదండీ," అంది ఆమె. "మొదటి నాలుగైదు నటన. మిగతావన్నీ నిద్రే."

"వారమంతానా?"

"ఫొటోలు వారమే తీశారు. నిద్ర అంతకుముందు నుంచీ ఉంది."

భర్త "గురక కూడానా?" అని మాత్రం అడిగాడు.

"మీ చెల్లెలు చెప్పింది నిజమే," అంది ఆమె. ఆ వాక్యం ఆమె నోట రావడం అదే మొదలు.

న్యాయనిర్ణేత నటన అన్న మాట కొట్టివేయించాడు. పంపదగిన ప్రాజెక్టుల్లో అమ్మాయిలది ఆఖరున చేర్చి, కొత్త ఫొటోలు తీయాలని షరతు పెట్టాడు. అంతకన్నా మెచ్చుకోలేదు, మెచ్చుకోవలసినంత అందులో లేదు కూడా. ముఖ్య అతిథి బహుమతుల వేళకు తనంతట తానే లేచాడు.

ఆమె చేసినది ఇంతే: గెలిచి చేతిలో ఉన్న వాదాన్ని భర్త వింటుండగా వదులుకుంది. తర్వాతి వారం పిల్లల కోసం మళ్లీ కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు ఒకసారి ముక్కు మీద, ఒకసారి నుదుటి మీద, ఒకసారి పెట్టెలో. ఆదివారం భర్త పత్రిక మడిచి పక్కన పెట్టి పడుకున్నాడు, ఆమె లేపలేదు. ఖాళీ పీరియడ్ కునుకు మానలేదు. ఎవరైనా తలుపు తోస్తే ఇప్పుడు, కళ్లు తెరవకుండానే, "పడుకున్నాను" అంటుంది.